బంతాటకు బడి మాన్పిస్తే తప్పా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పాఠకుల లేఖల్లో ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివాను. ఒహాయోలో ఉన్న కొడుకు ఇంటికి వచ్చి కొన్ని నెలలుండి వెళ్లారట. ఒక గురువారం కోడలు మనవడి చేత బడి మాన్పించి, బేస్‌బాల్ ఊరేగింపు చూపించడానికి తీసుకెళ్లిందట. చదువుల కోసం ఇంతదూరం వచ్చినవాళ్లు బంతాటకు బడి ఎగ్గొట్టించడమేంటని ఆయన బాధపడ్డారు. ఊరంతా పొద్దున్నించే బీరు తాగుతోందనీ, మనది కాని ఆట మీద మనకింత ఆరాటమెందుకనీ కూడా రాశారు. ఊరి పేరు చెప్పలేదు గానీ ఒహాయో, గురువారం, ఊరేగింపు, ఎర్రచొక్కాలు అన్నారు కాబట్టి అది మా సిన్సినాటియే. నేను హనుమకొండ దాన్ని. ఇద్దరు పిల్లలతో ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఆయన మాటల్లో నిజాలున్నాయి, వాటిని కాదనను. కానీ బడి మాన్పించిన ఆ కోడలిది తప్పు అంటే మాత్రం ఒప్పుకోలేను. మళ్లీ ఆ రోజు వస్తోంది. 2026 మార్చి 26, గురువారం. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ రోజేంటో చెప్పాలి. అమెరికాలో బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో 30 టీమ్‌లున్నాయి. ఒక్కో టీమ్ ఏడాదికి 162 ఆటలాడుతుంది, అందులో 81 సొంత మైదానంలో. ఆ 81లో మొదటి ఆటను హోమ్ ఓపెనర్ అంటారు. ఏ ఊళ్లోనైనా ఆ రోజు సందడే. సిన్సినాటిలో మాత్రం అది ఊరి పండుగ, ఓపెనింగ్ డే అంటారు. మా టీమ్ పేరు రెడ్స్. సీజన్ మొదటి ఆటను సొంత ఊళ్లోనే ఆడటం వాళ్లకు చాలాకాలంగా వస్తున్న ఆనవాయితీ. అది తప్పిన ఏళ్లను ఇక్కడి పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. 1966లో వానకు ఇక్కడి ఆటలు కొట్టుకుపోయి బయట మొదలుపెట్టారు. 1990లోనూ 2022లోనూ యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక సీజనే ఆలస్యమైంది. 1994లో టీవీ వాళ్ల కోసం తొలి ఆటను ఈస్టర్ ఆదివారం రాత్రి పెడితే ఊరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మర్నాడు సోమవారం ఆటనే అసలు ఓపెనింగ్ డే అనుకుని ఎప్పటిలాగే పండుగ చేసుకుంది.

ఈ పండుగ పనులు మా ఆస్పత్రిలో జనవరిలోనే మొదలవుతాయి. నేను ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. మాకు అందరికీ ఒకేసారి సెలవు కుదరదు. లీగ్ షెడ్యూలు ముందే వస్తుంది కాబట్టి కొత్త సంవత్సరం రాగానే షిఫ్టుల బేరాలు జరుగుతాయి. ఓపెనింగ్ డే నాడు నా డ్యూటీ నువ్వు చెయ్యి, క్రిస్మస్ ముందురాత్రి నీది నేను చేస్తాను అంటారు. ఆ బేరంలో నేనూ ఉంటాను. దీపావళికి నాకు సెలవు కావాలన్నప్పుడు నా డ్యూటీ చేసిపెట్టినవాళ్లలో ఒకావిడ కోసం, ఆవిడ మనవడి మొదటి ఓపెనింగ్ డేకి నేను పొద్దుటి షిఫ్టు చేశాను. డ్యూటీలో ఉన్నవాళ్లు తెల్లకోటు కింద ఎర్రచొక్కా వేసుకుంటారు. పురిటి వార్డులో ఆ రోజు పుట్టిన పసిబిడ్డలకు ఎర్ర ఊలు టోపీలు పెడతారు. ఫిబ్రవరిలో ఆటగాళ్లు ప్రాక్టీసుకు అరిజోనా వెళ్తారు. అక్కడినుంచి రేడియోలో మొదటి మ్యాచ్ వినపడగానే మా ఇంటి పక్క పెద్దావిడ కిటికీ తలుపు తీసి పెడుతుంది, బయట మంచు పడుతున్నా సరే. మార్చి వచ్చేసరికి కిరాణా దుకాణాల్లో కేకుల మీద ఎర్ర ‘సి’ అక్షరం కనపడుతుంది. డౌన్‌టౌన్‌లో కిటికీలకు ఎరుపు తెలుపు నీలం కుచ్చుగుడ్డలు కడతారు.

ఇక ఆ ఊరేగింపు. దాన్ని పెద్ద కంపెనీలు పెట్టలేదు. కూరగాయలు, మాంసం, చీజ్ అమ్ముకునే బజారువాళ్లు పెట్టారు. ఓవర్ ది రైన్ అని ఇక్కడ పాత పేట ఉంది. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న పేట. దాని మధ్యలో ఫిండ్లే మార్కెట్, 1850ల నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న బజారు. ఆ బజారు వర్తకులు 1920లో తొలి ఆట రోజు అందరూ కలిసి మైదానానికి ఊరేగింపుగా వెళ్లారు. అప్పటినుంచి అది సాగుతోంది. 2020లో కరోనా వల్ల ఆగిపోయి 2022లో మళ్లీ రోడ్డెక్కింది. బజారు మాట ఎంత చెల్లుతుందంటే, 2018లో తొలి ఆట సరిగ్గా ఈస్టర్ ముందు గురువారం నాడు పెట్టారు. ఈస్టర్ ముందు రోజుల్లో బజారుకు గిరాకీ ఎక్కువ, మేం ఊరేగలేం అన్నారు వర్తకులు. పరేడ్‌ను తర్వాతి సోమవారానికి మార్చారు. ఆట ఒక రోజు, పండుగ ఇంకో రోజు. ఆ గురువారం వాన పడి ఆట కూడా శుక్రవారానికి జరిగిందనుకోండి.

మధ్యాహ్నం ఫిండ్లే మార్కెట్ దగ్గర మొదలై రేస్ స్ట్రీట్ మీదుగా దక్షిణానికి వచ్చి, ఐదో వీధిలోకి తిరిగి ఊరి నడిబొడ్డుకు చేరుతుంది. హైస్కూల్ బ్యాండ్లు, పాత అగ్నిమాపక బండ్లు, ఏదో వీధిలో బీగాలు బాగుచేసే ఆయన సొంతంగా అలంకరించుకున్న ట్రక్కు, పాత ఆటగాళ్లు, బేస్‌బాల్ నేర్చుకునే పిల్లల జట్లు. ఇక్కడ పిల్లల బేస్‌బాల్‌ను నాట్‌హోల్ అంటారు, మా అమ్మాయి ఆడేది అదే. ముందువరసలో చోటు కావాలంటే పొద్దున్నే మడతకుర్చీలు వేసుకోవాలి. మార్చి నెల ఇక్కడ నమ్మదగింది కాదు. ఎండ కాస్తుందనుకుంటే సన్నటి మంచు రాలుతుంది. అందుకే ముందురోజు రాత్రి మా ఇంట్లో పని ఎక్కువ. లోపల వేసుకునే థర్మల్స్, పైన ఎర్రచొక్కాలు, దుప్పటి, పల్లీలు, సర్వపిండి. స్టేడియంలోకి పారదర్శకమైన సంచి మాత్రమే రానిస్తారు కాబట్టి, ఏం తెచ్చుకున్నామో క్యూలో అందరికీ కనపడుతుంది. సర్వపిండి ఏంటని అడగని ఏడాది లేదు. అడిగినవాళ్లకు తుంచి పెడతాను.

మా బాపు వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ను రేస్ స్ట్రీట్‌లో కుర్చీ వేసి కూచోబెట్టాను. ఆట గురించి ఆయనకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కార్మిక సంఘాలవాళ్లు బ్యానర్లు పట్టుకుని నడుస్తుంటే మాత్రం లేచి నిలబడ్డారు. మిల్లు ఉన్న రోజుల్లో మేడే ఊరేగింపు ఎలా జరిగేదో పిల్లలకు అక్కడికక్కడే చెప్పారు. మా పిల్లలు తాత పని గురించి అంతసేపు విన్నది అదే మొదలు.

పెద్దాయన అభ్యంతరాల్లోకి వస్తాను. తాగుడు మాట నిజం. స్టేడియం పక్కన నది ఒడ్డున బార్లున్న చోట పొద్దున పది నుంచే గ్లాసులు కనపడతాయి. ఆట అయ్యాక చీకటి పడ్డ తర్వాత అక్కడ పిల్లలతో తిరగమని నేనెవరికీ చెప్పను. కానీ ఊరంతా అలా ఉండదు. వాషింగ్టన్ పార్కు పక్కన రేస్ స్ట్రీట్ అంచున నిలబడండి. స్ట్రోలర్లలో పసిపిల్లలు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు, నర్సరీ పిల్లలను తాడు పట్టించి నడిపించుకొచ్చే టీచర్లు కనపడతారు. పిల్లలు ఆడుకోవడానికి చోటుంది, బాత్రూములున్నాయి. ఆ కొడుకూ కోడలూ ఆయన్ను ఎటు తీసుకెళ్లారో గానీ, నది వైపు తీసుకెళ్లి ఉంటే ఆయన చూసిందాన్ని బట్టి ఆయన రాసింది న్యాయమే.

మనది కాని ఆట అన్న మాట దగ్గర మాత్రం నేను కాసేపు ఆగాలి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

డబ్బులిచ్చి ఆడించుకుంటున్నామని బాహాటంగా చెప్పి, ఆటగాళ్లందరికీ జీతాలిచ్చిన మొదటి బేస్‌బాల్ జట్టు సిన్సినాటిదే. 1869లో. పేరు రెడ్ స్టాకింగ్స్, ఎర్ర మేజోళ్లవాళ్లు. ఆ ఏడాది అమెరికా ఈ కొస నుంచి ఆ కొస దాకా రైళ్లలో తిరిగి ఆడి, ఒక్క ఆట కూడా ఓడలేదు. మరుసటి సంవత్సరం జూన్‌లో బ్రూక్లిన్‌లో, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సింది 11 దాకా సాగిన ఆటలో 8-7 తేడాతో ఓడేదాకా వాళ్లకు ఓటమి తెలియదు. ఆ జట్టును నడిపించినవాడు హ్యారీ రైట్. ఆయన ఎవరనుకున్నారు? ఇంగ్లాండులో షెఫీల్డ్‌లో పుట్టిన క్రికెటర్. తండ్రి న్యూయార్క్‌లో ఒక క్రికెట్ క్లబ్‌కు కోచ్. హ్యారీని 1865లో సిన్సినాటికి పిలిపించింది కూడా క్రికెట్ ఆడటానికీ నేర్పడానికీ, యూనియన్ క్రికెట్ క్లబ్ జీతమిచ్చి. ఇక్కడికి వచ్చాక ఆయన బేస్‌బాల్ వైపు తిరిగాడు. క్లబ్ మైదానంలోనే రెండు ఆటలూ సాగాయి. ఇప్పుడక్కడ యూనియన్ టెర్మినల్ రైల్వే స్టేషన్, దాని ముందు పెద్ద ఫౌంటెన్ ఉన్నాయి. మన పిల్లలను మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లేది అక్కడికే.

ఇంకో సంగతి. ఆ 1869 జట్టులో జీతం తీసుకున్న పదిమందిలో సిన్సినాటిలో పుట్టినవాడు ఒక్కడే, ఫస్ట్ బేస్ ఆడిన చార్లీ గూల్డ్. మిగతావాళ్లంతా బయటివాళ్లు. ఎక్కువ జీతం, 1,400 డాలర్లు, తీసుకున్నది హ్యారీ తమ్ముడు జార్జ్, న్యూయార్క్ నుంచి వచ్చాడు. ఊరేగింపు మొదలుపెట్టింది వలస వచ్చిన జర్మన్ల పేటలోని బజారు. 1975, 1976ల్లో వరుసగా వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన జట్టులో టోనీ పెరెజ్ క్యూబావాడు, ఆయన విగ్రహం ఇప్పుడు స్టేడియం బయట ఉంది. ఈ రోజు మా అమ్మాయి తన గది గోడకు అంటించుకున్న ఎల్లీ డె లా క్రూజ్ డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చాడు. ఈ ఊరు తనదని చెప్పుకునే పండుగలో ఇక్కడే పుట్టినవాళ్లు చేసింది తక్కువ. అలాంటప్పుడు మనది కాదు అని మనమెందుకు అనుకోవాలి? ఇల్లు ఇక్కడ కొనుక్కున్నాం, పన్నులు ఇక్కడ కడుతున్నాం, పిల్లలను ఇక్కడ కన్నాం. పండుగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మేం బయటివాళ్లం అంటే ఎలా?

మన ఆట మనం మానుకోవాలని నేను అనట్లేదు. వేసవి శనివారాల్లో మా వాళ్లంతా పార్కులో క్రికెట్ ఆడతారు. మా అబ్బాయి అందులో బౌలింగ్ చేస్తాడు, ఐపీఎల్ వస్తే తెల్లారే లేచి చూస్తాడు. రెండూ చూసే పిల్లలకు ఇంకా లాభం. పిచర్, అంటే బంతి విసిరేవాడు, చేతిలో బంతి ఎలా పట్టుకున్నాడో చూసి, మన స్పిన్నర్ వేళ్లకూ వాడి వేళ్లకూ తేడా వాళ్లే చెప్తారు.

బడి మానిపించడం గురించి. మా వరంగల్ వైపు రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో బడులకు సెలవులిస్తారు. ఇవ్వని రోజుల్లో కూడా మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. సమ్మక్క గద్దెకు వచ్చే రోజున పిల్లలను లెక్కల క్లాసులో కూచోబెట్టాలని ఏ తల్లీ అనుకోలేదు, ఏ టీచరూ కోప్పడలేదు. సిన్సినాటిలో ఓపెనింగ్ డే సర్కారు సెలవు కాదు. ఊరు తనకు తానుగా తీసుకునే సెలవు. తాతలు మనవళ్లను బడి నుంచి తీసుకెళ్లడం ఇక్కడి ఇళ్లలో తరాలుగా ఉన్నదే.

మా ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒకావిడ ఉంది. 1974లో ఆవిడ హైస్కూల్ పిల్ల. ఆ ఏడు ఏప్రిల్ 4, గురువారం, తొలి ఆట. ముందురోజే ఈ చుట్టుపక్కల ఊళ్ల మీద టోర్నడోలు విరుచుకుపడ్డాయి, జీనియా అనే ఊరు సగం దాకా నేలమట్టమైంది. అయినా వాళ్ల నాన్న ఆవిడను బడి నుంచి తీసుకుని స్టేడియానికి వెళ్లాడు. అట్లాంటా నుంచి వచ్చిన హాంక్ ఆరన్ మొదటి ఇన్నింగ్స్‌లోనే, ఆ సీజన్‌లో తాను బ్యాట్ ఊపిన మొదటి బంతికే, మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టాడు. అది ఆయన ఆటజీవితంలో 714వది. పాతకాలపు మేటి ఆటగాడు బేబ్ రూత్ రికార్డుతో సమానం. ఒక నల్లజాతి ఆటగాడు ఆ రికార్డుకు చేరుతున్నాడని ఆయనకు ఆ చలికాలమంతా చంపుతామని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. కొట్టింది మా టీమ్ మీద, అయినా స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందని ఆవిడ చెప్తుంది. ఆ రోజు తండ్రీ కూతురూ పెన్సిల్‌తో నింపిన స్కోర్‌కార్డు వాళ్ల హాల్లో ఫ్రేమ్ కట్టి ఉంది. నాకు స్కోర్‌కార్డు రాయడం నేర్పింది ఆవిడే. బడి వదిలేదాకా ఆగి వెళ్లుంటే ఆ దెబ్బ ఆవిడ చూసేది కాదు.

ఇక్కడ నా తోటి తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బడి మాన్పించేవాళ్లు ఉన్నారు, మాన్పించనివాళ్లు ఉన్నారు, రెండూ వాళ్ల ఇష్టం. నాకు బాధ కలిగించేది మూడో రకం. పిల్లాడిని పరేడ్‌కు తీసుకెళ్లి, బడికి మాత్రం జ్వరం అని మెసేజ్ పెట్టేవాళ్లు. పక్కన కూర్చున్న పిల్లాడికి తెలుసు అమ్మ ఏం టైప్ చేసిందో. దయచేసి ఆ పని చేయకండి. నేను గైర్హాజరు ఫారంలో ఉన్నదున్నట్టు రాస్తాను, రెడ్స్ తొలి ఆటకు కుటుంబంతో వెళ్తున్నాం అని. బడివాళ్లు దాన్ని సరైన కారణం కాదని నమోదు చేసుకుంటే చేసుకోనివ్వండి. ఒక గైర్హాజరుతో ఏ కాలేజీ సీటూ పోదు. ఆ రోజు పరీక్ష ఉంటే మాత్రం బడికి పంపిస్తాను, అబ్బాయికి ఒకసారి అలాగే జరిగింది. పరీక్ష రాసి సాయంత్రం నేరుగా స్టేడియానికి వచ్చాడు. పరేడ్ పోయిందని మొహం మాడ్చుకున్నాడు గానీ, దాని కోసం అబద్ధం ఆడనందుకు వాడికి నా మీద కోపం రాలేదు.

మన పిల్లల టెన్షన్ గురించి కూడా ఒకసారి ఆలోచించండి. మా పేటలో తెలుగు పిల్లలకు బడి అయ్యాక లెక్కల క్లాసు, దాని తర్వాత కోడింగ్, శనివారం స్పెల్లింగ్ పోటీకి తయారీ, ఆదివారం సంగీతం. అన్నీ మంచివే, మా పిల్లలూ కొన్ని చేస్తున్నారు. కానీ శుక్రవారం బడిలో మిగతా పిల్లలంతా పరేడ్‌లో ఏం చూశారో చెప్పుకుంటుంటే మనవాళ్లు పక్కన నిలబడి వినడం నేను చూశాను. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

ఖర్చు గురించి పెద్దాయన రాయలేదు గానీ చాలామంది అడుగుతారు. తొలి ఆట టికెట్లు ఖరీదే. నలభై వేలకు పైగా సీట్లున్నా వారాల ముందే అయిపోతాయి. మేం ప్రతి ఏడూ లోపలికి వెళ్లం. పరేడ్‌కు పైసా ఖర్చు లేదు. అది చూసి, ఫౌంటెన్ స్క్వేర్‌లో కాసేపు నిలబడి, నది మీది రోబ్లింగ్ వంతెన దాకా నడిచి, కారులో రేడియో పెట్టుకుని ఇంటికి వచ్చినా ఓపెనింగ్ డే చూసినట్టే. మిగతా ఆటలకు చవక టికెట్లు బోలెడు దొరుకుతాయి.

గెలుపు కోసమే ఇదంతా అనుకుంటే ఈ ఊరు ఎప్పుడో మానేసేది. ఆఖరుసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1990లో. 2022లో మొదటి 25 ఆటల్లో 22 ఓడిపోయారు, ఏడాది మొత్తం మీద సరిగ్గా వంద. పోయినేడు తొలి ఆటలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ముందుండి, చివర్లో ఒక హోమ్ రన్‌తో 6-4 తేడాతో ఓడిపోయాం. నా పక్క సీట్లో ఉన్న ముసలాయన టోపీ సర్దుకుని, ఇంకా 161 ఉన్నాయమ్మా అన్నాడు. ఆ జట్టే సీజన్ చివరి రోజు దాకా పోరాడి ప్లేఆఫ్‌లకు వెళ్లింది. అక్కడ లాస్ ఏంజెలెస్ చేతిలో వెంటనే ఓడింది, అది వేరే సంగతి. అసలు టీమ్ ఈ ఊళ్లో నిలవడంలో అభిమానుల చెయ్యి కూడా ఉంది. 1960ల్లో రెడ్స్ వేరే ఊరికి తరలిపోతుందన్న భయం పట్టుకుంటే, 1964లో కొందరు ఆడవాళ్లు రోజీ రెడ్స్ అనే సంఘం పెట్టి జనాన్ని స్టేడియానికి రప్పించే పనికి పూనుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఆట మగవాళ్లదనీ మనకెందుకనీ అనే నా స్నేహితురాళ్లకు ఈ సంగతి ప్రతిసారీ చెప్తుంటాను.

సంపాదకులు గారూ, మీతో ఒక విన్నపం. మీ ప్రవాసుల పేజీలో వీసా వార్తలు, ప్రమాదాల వార్తలు, సంఘాల ఎన్నికలు, బతుకమ్మ ఫొటోలు వస్తాయి. అవి కావాలి. కానీ తెలుగువాళ్లు ఉంటున్న ఊళ్లు ఎలాంటివో, అక్కడివాళ్లు దేనికి సంబరపడతారో, దేనికి ఏడుస్తారో ఆ పేజీ చదివితే తెలియదు. డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, చికాగోలో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆ ఊళ్లన్నిటికీ సొంత టీమ్‌లున్నాయి, ఈ వారాల్లోనే తొలి ఆటలున్నాయి. ఊరికొక పాఠకుడి చేత చిన్న వ్యాసం రాయించండి. ఇక్కడికి వచ్చే అమ్మానాన్నలు నాలుగు గోడల మధ్య టీవీ ముందు కూచుని దిగులు పడకుండా, ఎక్కడికి తీసుకెళ్లమని పిల్లలను అడగాలో వాళ్లకు తెలుస్తుంది.

ఆ పెద్దాయనకు కూడా ఒక మాట. మీరు ఈ మార్చిలో మళ్లీ ఇక్కడికి వచ్చి ఉంటే, మనవడితో పాటు రేస్ స్ట్రీట్‌కు రండి. ఈసారి శ్రీరామనవమి కూడా ఆ వారంలోనే, కాబట్టి మా దగ్గర పానకం ఉంటుంది. వాషింగ్టన్ పార్కు వైపు, పదకొండు లోపు వస్తే కుర్చీకి చోటు దొరుకుతుంది. కారు దూరంగా పెట్టి నడిచి రండి, చెవులు కప్పే టోపీ మర్చిపోకండి. మీ కోడలిని మాత్రం ఏమీ అనకండి.

వీలైతే ఈ లేఖను 26వ తేదీకి ముందే వేయండి. కుదరకపోయినా వేయండి. ఆ తర్వాత సెప్టెంబరు దాకా సిన్సినాటిలో ఇంకా 80 ఆటలున్నాయి, వాటిలో సగానికి దగ్గరగా పిల్లల వేసవి సెలవుల్లోనే వస్తాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ (ప్రస్తుతం సిన్సినాటి, ఒహాయో)